‘యూజ్డ్ టు’ ముందు ‘యామ్’ ఉందా లేదా చూడండి

‘ఐ యామ్ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ ఎందుకు తప్పు అని అడిగారు కదా, అందులో రెండు వేర్వేరు ‘యూజ్డ్ టు’లు కలిసిపోయాయి.

1. ముందు యామ్, ఈజ్, వాజ్ లాంటివి లేకపోతే అది పాత సంగతి. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు పెందలాడే లేచేవాణ్ని, ఇప్పుడు లేవడం లేదు.

2. ఉంటే, అలవాటైపోయిందని. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ.’

చాలామంది జారేది ఈ రెండోదాంట్లోనే. ఇక్కడి ‘టు’ క్రియతో వచ్చేది కాదు, మన విభక్తి లాంటిది. దాని తర్వాత నామవాచకమైనా రావాలి, క్రియకు ‘ఇంగ్’ అయినా చేరాలి. అనుమానం వస్తే ‘టు’ తర్వాత ‘నాయిజ్’ పెట్టి చదవండి. ‘ఐ యామ్ యూజ్డ్ టు నాయిజ్’ చక్కగా కుదురుతుంది, కాబట్టి ‘ఇంగ్’ తప్పనిసరి. ‘ఐ యూజ్డ్ టు నాయిజ్’ అసలు కుదరదు, అక్కడ ‘గెట్’ చాలు.

3. వస్తువుల దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ పేపర్’లో ‘ఈజ్’ ఉన్నా అర్థం ‘వాడతారు’ అనే. ‘ఇంగ్’ వద్దు.

4. ప్రశ్నలో ‘డిడ్’ వస్తే రాసేటప్పుడు చివరి ‘డి’ తీసేయండి: ‘డిడ్ యు యూజ్ టు ప్లే?’ పలికేటప్పుడు తేడా వినిపించదు.