అల్లుడూ, ముందు ఆ లీవర్ కిందికి దించు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మధురవాడ ఫ్లాట్‌లోకి రోయింగ్ మెషిన్, అదే ఇంట్లో కూర్చునే పడవ తెడ్డు వేసినట్టు లాగే వ్యాయామ యంత్రం, వచ్చిందనీ, మొదటి రోజే గంటసేపు లాగేశావనీ, మర్నాడు మంచం దిగడానికి తంటాలు పడ్డావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట నేను చేసిన పని అచ్చం ఇదే. నాకప్పుడు చెప్పేవాళ్లు లేరు. నీకు నేనున్నాను కదా, ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది.

అప్పట్లో పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా పరిగెత్తి తిరిగొచ్చేవాణ్ణి. మోకాళ్లు మొరాయించాయి. పరుగు మానేసి కీళ్ల మీద దెబ్బ పడని వ్యాయామం చూసుకోమన్నారు డాక్టరు. ఎవరో అమ్మేస్తుంటే పాత మెషిన్ కొన్నాను. తెలిసిన జిమ్ కుర్రాడొకడు చక్రం డబ్బా పక్కనుండే లీవర్ పదిలో పెడితేనే ఒళ్లు గట్టిపడుతుందన్నాడు. షిప్‌యార్డ్‌లో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి, చక్రం ఎలా తిరుగుతోందో ఒకసారి చూసుకోవద్దూ? చూడలేదు. నాలుగో రోజు నడుం పట్టేసింది. మూడు వారాలు చాప మీదే. ఎవరు ఫోన్ చేసినా మీ అత్తయ్య "పడవ తోలడానికి వెళ్లారు" అని చెప్పేది.

నువ్వూ లీవర్ పదిలోనే పెట్టి ఉంటావు. దించు. అది జిమ్‌లో బరువు పెంచినట్టు కాదు. ఫ్యాన్ డబ్బాలోకి గాలి ఎంత వెళ్లాలో చెప్పే తలుపు, అంతే. గాలి ఎక్కువ వెళితే చక్రం తొందరగా నెమ్మదిస్తుంది, ప్రతి లాగుడికీ దాన్ని మళ్లీ మొదటి నుంచి లేపాలి. ఆ లేపడం పడేది నడుం మీదే. మానిటర్ మెనూలో డ్రాగ్ ఫ్యాక్టర్ అని, చక్రాన్ని గాలి ఎంత అడ్డుకుంటోందో చెప్పే అంకె ఒకటి కనిపిస్తుంది. అది 110 నుంచి 130 మధ్య ఉంటే మనలాంటి వాళ్లకు చాలు. నా మెషిన్ మీద లీవర్ నాలుగు దగ్గర 120 వస్తుంది. జాలీకి దుమ్ము పడితే అదే నాలుగులో అంకె తగ్గిపోతుంది. అందుకే లీవర్ మీద అంకె నమ్మకు, మానిటర్‌లోది చూడు. తక్కువలో పెడితే మెషిన్ నిన్ను మోసం చేస్తుందన్న అనుమానం అక్కర్లేదు. చక్రం ఎంత నెమ్మదిస్తోందో లాగుడు లాగుడుకీ కొలుచుకునే అది నీ వేగం లెక్క కడుతుంది.

ఇలాంటి గాలి చక్రం మెషిన్ ఒకటి 1981లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఇద్దరు అన్నదమ్ములు తయారు చేశారు. వాడింది సైకిల్ చక్రం. ఫిట్టర్ని కదా, అది తెలిశాక నాకు ఆ మెషిన్ మీద గౌరవం పెరిగింది.

ఇక లాగడం. దీన్ని చేతుల పని అనుకున్నన్నాళ్లూ నీకు నడుం నొప్పి తప్పదు. ఇది కాళ్ల పని. ముందుకొచ్చినప్పుడు నీ పిక్కల ముందరి ఎముక నిటారుగా ఉండాలి, అంతకు మించి ముందుకు పోకూడదు. చేతులు చాచి, నడుం నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మాత్రం కొంచెం ముందుకు వంగు. ఇప్పుడు కాళ్లతో తన్ను. కాళ్లు చాలావరకు చాచుకునేదాకా నడుం ఒంపు మారకూడదు, చేతులు మడవకూడదు. ఆ తర్వాత ఒళ్లు వెనక్కి కొంచెం, అంటే గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా. ఆఖరున చేతులు, హ్యాండిల్ పక్కటెముకల కిందకి రావాలి. తిరిగి వచ్చేటప్పుడు ఈ వరస తిరగబడుతుంది: ముందు చేతులు చాచాలి, తర్వాత ఒళ్లు ముందుకు, హ్యాండిల్ మోకాళ్లు దాటాకే మోకాళ్లు మడవాలి. మోకాళ్లు ముందే లేచాయంటే హ్యాండిల్ వాటి మీంచి ఎగిరి దూకాల్సొస్తుంది. చైన్ పక్క నుంచి చూస్తే సూటిగా గీత గీసినట్టు పోవాలి. గోడకు అద్దం ఆనించి పెట్టుకో, లేదా మీ ఆవిణ్ణి పక్క నుంచి ఫోన్‌లో వీడియో తియ్యమను.

అందరూ తప్పు చేసేది లాగడంలో కాదురా, తిరిగి రావడంలో. లాగడానికి ఎంతసేపు పడుతుందో ముందుకు జారడానికి దానికి రెట్టింపు పట్టాలి. జాలరిపేట వైపు ఎప్పుడైనా తెప్ప మీద తెడ్డు వేసేవాణ్ణి చూశావా? తెడ్డు నీళ్లలో ఉన్నంతసేపూ వాడి బలమంతా అందులో ఉంటుంది. పైకి తీశాక తొందర ఉండదు, ఆ క్షణంలోనే ఊపిరి తీసుకుంటాడు. నువ్వు ఆ విశ్రాంతి తీసుకోకుండా సీటు మీద అటూ ఇటూ పరుగెడుతున్నావు.

లెక్క చెబుతాను చూడు. 500 మీటర్లకు 2:30, అంటే రెండున్నర నిమిషాల చొప్పున పోతున్నావనుకో, అంటే నిమిషానికి 200 మీటర్లు. నిమిషానికి 20 స్ట్రోకులు వేస్తే ఒక్కో లాగుడుకి పది మీటర్లు వస్తాయి. అదే వేగానికి 30 వేస్తే ఏడు మీటర్లు కూడా రావు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నువ్వు 32 వేస్తున్నట్టున్నావు. రెండు నెలలపాటు 22 దాటకు. కష్టంగా ఉంటుంది, విసుగ్గా ఉంటుంది, అహం కూడా దెబ్బ తింటుంది.

ఇంకో మాట, ఇక్కడ వేగం చవగ్గా రాదు. 2:30కి 104 వాట్లు చాలు. 2:15కి 142 కావాలి. 2:00కి 203. వేగం రెట్టింపు కావాలంటే వాట్లు ఎనిమిది రెట్లు కావాలి. కాబట్టి వారంలో పది సెకన్లు తగ్గించేద్దామని పెట్టుకోకు.

మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు, ఐదు నిమిషాలు లాగి రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఐదు. అంతకంటే వద్దు. తర్వాత వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకుంటూ పోతే రెండు నెలలకి అరగంట ఆగకుండా లాగగలవు. లాగుతూ మాట్లాడగలిగే వేగమే నీ రోజువారీ వేగం. పూర్తి వాక్యం రాకపోతే తగ్గించు. అరగంట నిలకడగా వచ్చాక వారంలో ఒక్కరోజు గట్టిగా చెయ్యి: 500 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో మూడు నిమిషాలు విశ్రాంతి. నాలుగోది మొదటిదాని కంటే బాగా నెమ్మదించిందంటే మొదటిది ఎగేసుకుని పోయావని అర్థం.

2000 మీటర్ల పరీక్ష గురించి అడిగావట. ఒలింపిక్స్‌లో పడవ పందెం దూరం అదే, అందుకే ఈ మెషిన్ మీదా అదే కొలత. దాని జోలికి ఇప్పుడే పోకు. పోయిన రోజున మొదటి 500లో నువ్వు అనుకున్నదాని కంటే రెండు సెకన్లు నెమ్మదిగా వెళ్లు. మొదట్లో ఒళ్లు ఏమీ తెలియనివ్వదు, 1200 దగ్గర వడ్డీతో వసూలు చేస్తుంది. నాకు తెలుసు, ఒకసారి 1400 దగ్గర హ్యాండిల్ వదిలేసి పక్కకు పడుకున్నాను.

ఊపిరి బిగబట్టకు. కాళ్లతో తన్నేటప్పుడు వదులు. బిగబట్టి లాగితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. మీ నాన్న, అదే మా బావ, తనూ మెషిన్ మీద కూర్చుని చూస్తానన్నాడట. ఆయనకి షుగరుంది, వయసూ అరవై దాటింది. ముందు డాక్టరుతో మాట్లాడాకే సీటెక్కమను. ఇన్సులిన్ గానీ షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్లకి వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు, పక్కన గ్లూకోజ్ పెట్టుకోవాలి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా ఆపేసి ఆసుపత్రికి పోవాలి తప్ప "గ్యాస్ అయ్యుంటుంది" అని కూర్చోకూడదు. బావ ఆ మాటే అంటాడు, నాకు తెలుసు. నీకు కండరాల సలుపు ఉంటే ఫర్వాలేదు, అది రెండు రోజుల్లో పోతుంది. నడుం నుంచి కాలిలోకి నొప్పి పాకితే మాత్రం ఆపి చూపించుకో.

మన ఊరి ఉక్క సంగతి వేరే చెప్పాలి. పొద్దున ఐదున్నరకే గాలి తడిగా ఉంటుంది, చెమట కారుతుంది కానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. జనవరిలో లాగిన వేగమే మే నెలలో లాగితే గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది. అది నీ తప్పు కాదు, వేగం తగ్గించుకోవాలి. టేబుల్ ఫ్యాన్ ముఖానికి ఎదురుగా పెట్టు. అయ్యాక ఉప్పేసిన మజ్జిగ తాగు. చోడి (రాగి) అంబలి అయితే ఇంకా మంచిది. లాగే ముందు ఒక అరటిపండు చాలు, ఇడ్లీలు తిని ఎక్కకు.

ఈ ఉప్పు గాలి మెషిన్‌నీ వదలదు. యాభై గంటల వాడకానికోసారి చైన్‌కి ఆయిల్ పెట్టమంటారు. సముద్రం పక్కన ఉండే మనం అన్నాళ్లు ఆగకూడదు, నేను పదిహేను రోజులకోసారి పొడిగుడ్డతో తుడిచి నాలుగు చుక్కలు పెడతాను. సీటు జారే పట్టా మీద నల్లగా పేరుకునేది రోజూ తడిగుడ్డతో తుడువు. మీ కింద ఫ్లాట్ వాళ్లు గొడవకి రాకముందే దళసరి రబ్బరు షీటు వేయించు.

కాళ్ల పట్టీ పాదం బాగా వెడల్పుగా ఉన్న చోటికి రావాలి. హ్యాండిల్‌ని వేళ్లతో కొక్కెంలా పట్టుకో, పిడికిలి బిగిస్తే బొబ్బలు ఖాయం.

ఆదివారం టిఫిన్ వేళకి వస్తాను. వీడియో తీసి ఉంచు. మీ అత్తయ్య చోడి పిండి ఇచ్చి పంపుతోంది, పోయినసారి పంపిన స్టీలు డబ్బా తిరిగి ఇమ్మంది.

ఇట్లు
మీ మావయ్య