అది జీరంగి కాదమ్మా

చిట్టీ,

మీ మియాపూర్ బాల్కనీలోంచి నువ్వు పంపిన ఫొటో చూశాను. "పెదనాన్నా, జీరంగి దొరికింది!" అని రాశావు. పచ్చగా తళతళలాడుతోంది, వీపు మీద నల్లచుక్కలు. బాగుంది కానీ జీరంగి కాదు. జీరంగి తుమ్మచెట్ల మీద దొరికేది. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచేవాళ్లం, పెట్టె నిండిపోయేది. నీది చింతగింజంత.

తేడా అంతా ఒక గీతలో ఉంది. జీరంగి పెంకు పురుగు. గట్టి మూతల్లాంటి దాని ముందు రెక్కలు రెండూ వీపు మధ్యలో కలుస్తాయి, అక్కడ నిలువు గీత కనిపిస్తుంది. నీ పురుగుకి గీత లేదు. వీపంతా ఒకే డాలు, రెక్కలు దాని కింద దాక్కుంటాయి. ఇది నల్లి జాతి, జువెల్ బగ్ అంటారు, కుటుంబం స్కుటెల్లెరిడే. సూదిలాంటి ముక్కు గుచ్చి రసం పీలుస్తుంది తప్ప ఆకు కొరకదు.

నువ్వేం సిగ్గుపడకు. ఒకసారి కాలేజీ ఎగ్జిబిషన్‌లో నేనే దీనికి జీరంగి అని చీటీ అంటించాను. ఒక ఇంటర్ పిల్ల వచ్చి "సార్, మధ్యలో గీత ఏది?" అంది. జువాలజీ లెక్చరర్‌ని! చీటీ పీకి జేబులో పెట్టుకున్నాను.

ఇక ఫొటో సంగతి. ఫ్లాష్ వేశావు కదా, వీపు మీద తెల్లమచ్చ పడి చుక్కలు సగం పోయాయి. ఫ్లాష్ ఆపెయ్. పొద్దున ఆరున్నరకి, ఎండ ఎక్కకముందు తియ్యి. అప్పుడు పురుగు మందకొడిగా ఉంటుంది. ఫోన్ మరీ ముక్కు మీదికి తీసుకెళ్తే ఫోకస్ దొరకదు. జానెడు దూరం నుంచి తీసి తర్వాత కత్తిరించుకో. నువ్వు కదిలితే అది కొమ్మ అవతలికి జారుకుంటుంది. అటువైపు నెమ్మదిగా అరచెయ్యి పెట్టు, తిరిగి నీ వైపుకే వస్తుంది. వేళ్లతో మాత్రం పట్టుకోకు, కంపు కొడుతుంది.

ఒక్క అందమైన ఫొటోతో పేరు తేలదు. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పొట్ట ఒకటి కావాలి. పొట్టకి ఉపాయం: గాజు గ్లాసు లోపలి గోడ మీదికి ఎక్కించి బయటినుంచి తియ్యి. కిందికి మడిచిన దాని ముక్కు కూడా ఫొటోలో పడుతుంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఇంకొకటి తీస్తే సైజు తెలుస్తుంది. రంగుని మాత్రం నమ్మకు. వెలుగు తిరిగేకొద్దీ పచ్చ కాస్తా నీలం అవుతుంది. పక్కనే రెక్కలు రాని గుండ్రటి పిల్లలుంటే వేరే పురుగనుకోకు, దాని సంతానమే కావచ్చు.

కాళ్లూ లెక్కపెట్టు, కీటకానికి ఆరుంటాయి. తొలకరికి వచ్చే మన ఆరుద్ర పురుగుకి ఎనిమిది. పేరు పురుగే గానీ అది కీటకం కాదు, సాలీడుకి చుట్టం.

ఫొటోలన్నీ ఐనాచురలిస్ట్‌లో పెట్టు, పురుగులూ మొక్కలూ గుర్తుపట్టడానికి అందరూ ఫొటోలు పెట్టే సైట్ అది. అక్కడ యంత్రం చెప్పే మొదటి పేరు ఊహ మాత్రమే, తెలిసినవాళ్లు చూసి ఒప్పుకునేదాకా ఆగు. ఇంటి లొకేషన్ దాచే ఏర్పాటుంది, అది పెట్టుకో.

అన్నట్టు, అసలు సంగతి రాయలేదు నువ్వు. అది కూర్చున్న మొక్క ఏది? క్రోటనా, అడవి ఆముదమా? ఆకు ఫొటో కూడా పంపు. పొట్ట ఫొటో వచ్చాక పేరు చూద్దాం.

మీ పెదనాన్న