ఈయూలో స్వయంప్రతిపత్తి ప్రాంతాల మాట చెల్లుతుందా? చేరకముందు చెల్లుతుంది

"స్పెయిన్‌లోని కాటలోనియా లాంటి స్వయంప్రతిపత్తి ప్రాంతాలకు ఈయూ (ఐరోపా సమాఖ్య) నిర్ణయాల్లో నిజంగా పట్టుందా, లేక పేరుకేనా?" అని అడిగారు. ఉంది. కానీ అది దేశం ఈయూలో చేరే నాటి వరకే. ఈ ప్రశ్న రాగానే అందరూ కాటలోనియా దగ్గరే ఆగిపోతారు. అక్కడ గొడవ ఎక్కువ, తెలుసుకోగలిగేది తక్కువ. చూడాల్సింది ఓలాండ్‌ను.

ఓలాండ్ అంటే ఫిన్లాండ్, స్వీడన్‌ల మధ్య సముద్రంలో ఉన్న దీవులు. జనాభా సుమారు 30 వేలు, భాష స్వీడిష్. 1921లో నానాజాతి సమితి వీటిని ఫిన్లాండ్‌కే ఉంచుతూ, అక్కడివాళ్ల భాషకూ భూమికీ రక్షణ ఉండాలని తేల్చింది. సొంత శాసనసభ ఉంది, పేరు లాగ్‌టింగ్, సభ్యులు 30 మంది. ఫిన్లాండ్ చేసుకున్న ఒప్పందం ఓలాండ్ అధికారంలోని అంశాన్ని తాకిందంటే, లాగ్‌టింగ్ ఒప్పుకుంటేనే ఆ మేరకు అక్కడ అమలవుతుంది. మన దగ్గర 253వ అధికరణం కింద విదేశీ ఒప్పందం అమలు కోసం పార్లమెంటు రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా చట్టం చేసేయగలదు. ఫిన్లాండ్‌కు ఓలాండ్ విషయంలో ఆ వీలు లేదు.

ఆ ఒక్క హక్కుతోనే వాళ్లు 1994లో బేరం ఆడారు. ఈయూలో చేరాలా వద్దా అని ఫిన్లాండ్ అక్టోబరు 16న, స్వీడన్ నవంబరు 13న ఓటు వేశాయి. ఆ ఫలితాలు రెండూ చూసుకున్నాకే నవంబరు 20న ఓలాండ్ విడిగా ఓటు వేసింది. చేరిక ఒప్పందంలోని రెండో ప్రోటోకాల్‌లో (అనుబంధ పత్రంలో) వాళ్లకు దక్కినవి ముఖ్యంగా రెండు. ఒకటి స్థానిక హక్కు. బయటి నుంచి వచ్చినవాళ్లకు అది రావాలంటే ఐదేళ్ల నివాసం, స్వీడిష్ భాష, ఫిన్లాండ్ పౌరసత్వం కావాలి. అది లేనివాళ్లు ప్రత్యేక అనుమతి లేకుండా అక్కడ భూమి కొనలేరు. రెండోది పన్ను సరిహద్దు. ఓలాండ్ ఈయూ కస్టమ్స్ యూనియన్ లోపలే ఉంది, కానీ వ్యాట్, ఎక్సైజ్ పరిధికి బయట ఉంది.

ఈ రెండోదాని విలువ 1999 జులై 1న బయటపడింది. ఆ రోజు ఈయూ దేశాల మధ్య ప్రయాణాల్లో డ్యూటీ ఫ్రీ అమ్మకాలు ఆగిపోయాయి. ఓలాండ్ రేవును తాకే ఓడల్లో మాత్రం సాగాయి. స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకికో తుర్కుకో వెళ్లే పెద్ద ఓడలు దారిలో ఓలాండ్ రేవులైన మారియేహామ్‌లోనో లాంగ్‌నెస్‌లోనో కాసేపు ఆగేది అందుకే. దీవుల ఆదాయమే ఓడల మీద నిలబడింది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. దీనికి మూల్యం చెల్లించేది చిన్న వ్యాపారి. హెల్సింకి నుంచి మారియేహామ్‌కు సరుకు తెప్పించుకున్నా, సుంకం పడకపోయినా, వ్యాట్ కోసం కస్టమ్స్ డిక్లరేషన్ పెట్టాలి. సొంత దేశం లోపల! ఈ కాగితాల బరువు గురించి ఎవరూ రాయరు.

చేరాక ఏమైందో స్నూస్ కథ చెబుతుంది. స్నూస్ అంటే మన ఖైనీలా పెదవి కింద పెట్టుకునే పొగాకు. ఈయూ దాని అమ్మకాన్ని నిషేధించింది, స్వీడన్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఓలాండ్ ఆ మినహాయింపును 1994లో తన ప్రోటోకాల్‌లో రాయించుకోలేదు, నిషేధ చట్టమూ చేయలేదు. ఆ అంశం మీద అధికారం ఓలాండ్‌ది కాబట్టి ఫిన్లాండ్ అక్కడి కోసం చట్టం చేసే వీల్లేదు. కానీ ఐరోపా న్యాయస్థానంలో ముద్దాయి ఫిన్లాండే. 2006 మేలో ఓడిపోయింది. వసంతకాలంలో నీటిపక్షుల వేట మీద 2005 డిసెంబరులోనూ అదే జరిగింది. ఓలాండ్ వల్ల ఈయూ జరిమానా వేస్తే ఆ మేరకు ఓలాండే భరించాలని స్వపరిపాలన చట్టంలో ఉంది. అంటే జరిమానా ఓలాండ్‌కు పడుతుంది, వాదించుకునే కుర్చీ మాత్రం దక్కదు.

ప్రాంతాల మాట వినడానికి ఈయూలో ప్రాంతాల కమిటీ ఉంది కదా అంటారు. 329 మంది సభ్యుల ఆ కమిటీ సలహా చెబుతుంది, అంతే. ఫిన్లాండ్‌కున్న 9 స్థానాల్లో ఒకటి ఓలాండ్‌ది. యూరోపియన్ పార్లమెంటులో ఫిన్లాండ్‌కు 15 సీట్లున్నా దేశమంతా ఒకే నియోజకవర్గం. 55 లక్షల పైచిలుకు జనంలో 30 వేల మంది తమ మనిషిని గెలిపించుకోలేరు. ఒక సీటు కావాలని ఓలాండ్ ఎప్పటినుంచో అడుగుతోంది. అది న్యాయమైన కోరికే. కానీ దాన్ని కూడా ఆ 1994 ప్రోటోకాల్‌లోనే రాయించుకోవాల్సింది.