బాబు ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారి ఉద్యోగరీత్యా ఆగస్టులో న్యూజెర్సీ వెళ్తున్నాం. బాబుకి ఇక్కడ మూడో తరగతి అయింది. అక్కడ చదువు మరీ తేలికంటున్నారు. లెక్కల్లో వెనకబడిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. ఇక్కడి పుస్తకాలు తీసుకెళ్ళి ఇంట్లో చెప్పుకోమంటారా?

జవాబు: తీసుకెళ్ళండమ్మా, తప్పేం లేదు. కానీ లెక్కల గురించి అంత దిగులు వద్దు. కొత్తగా వచ్చేవాళ్ళంతా మొదట అడిగేది ఇదే. పన్నెండేళ్ళ కిందట నేనూ ఇదే పట్టుకుని కూర్చుని, అసలు చూడాల్సింది చూడలేదు.

మేం మహారాణిపేట నుంచి వెళ్ళేటప్పటికి మా పాపకీ మీ బాబు వయసే. ఇక్కడ మేడమ్ రాగానే లేచి నిలబడాలి, అడిగితేనే నోరు విప్పాలి, పెద్దవాళ్ళ ముందు తల దించుకోవాలి. అదే మర్యాదని నేర్పించాను. అక్కడ టీచర్ పేరు పిలిస్తే లేచి నిలబడి, బూట్ల వంక చూస్తూ జవాబు చెప్పేది. నెల తిరక్కుండానే ఇంటికి చీటీ వచ్చింది: పాప దేనికైనా భయపడుతోందా అని.

లెక్కల్లో జవాబులన్నీ సరిగ్గానే ఉండేవి. అయినా టీచర్ ప్రతిదాని పక్కనా ‘ఎలా వచ్చింది?’ అని రాసేది. ఇక్కడ నోటిలెక్క వేగంగా చేస్తే మెచ్చుకుంటారు, అక్కడ దారి చూపించాలి. లక్షని మనలా 1,00,000 అని రాసినా దిద్దేవారు, అక్కడ 100,000. ఇవి నెలలో అలవాటైపోతాయి.

నవంబరులో రిపోర్టు కార్డు వచ్చింది. లెక్కల్లో 3. నాలుగుకి మూడంటే 75 శాతమేనా అని పిల్లని కూర్చోబెట్టి తిట్టాను. ఆ రాత్రి అన్నం ముట్టకుండా పడుకుంది. ఆ స్కూల్లో 3 అంటే ఆ తరగతికి రావాల్సింది వచ్చిందని అర్థం. కార్డు వెనకాలే రాసి ఉంది, నేను తిప్పి చూడలేదు.

ఆ వారమే టీచర్‌తో మీటింగు, పావుగంట. కూర్చోగానే ‘మా అమ్మాయి క్లాసులో ఎన్నోది?’ అన్నాను. ‘మేం ర్యాంకులు ఇవ్వం’ అంది. 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ఉంది, మిగతా పిల్లల మార్కులు మనకు చెప్పరు. ఆవిడ ఫైల్లోంచి ఓ కాగితం తీసింది. ‘నా రీసెస్’ (ఆటల విరామం) అని పాప గీసిన బొమ్మ. ఉయ్యాల దగ్గర రంగురంగుల పిల్లలు గుంపుగా ఉన్నారు. కంచె పక్కన ఒక్కతే, పెన్సిలు గీతలతో, వీపు ఇటు తిప్పి.

లంచ్‌లో కూడా ఎవరి దగ్గరా కూర్చోవడం లేదట. మన స్కూళ్ళలో బెంచీ మేడమే చూపిస్తుంది, పక్కనున్న పిల్లే స్నేహితురాలైపోతుంది, ఆ సెక్షనే ఏళ్ళ తరబడి కలిసి వెళ్తుంది. అక్కడి చాలా స్కూళ్ళలో ఏటా పిల్లల్ని కలిపి మళ్ళీ విడగొడతారు. లంచ్‌లో ఎక్కడ కూర్చోవాలో మా పాపకి ఎవరూ చెప్పలేదు. చెప్పందే కూర్చోకూడదని నేర్పింది నేనే. టిఫిన్ డబ్బా సగం తిరిగొస్తుంటే, పులిహోర మొహం మొత్తిందనుకున్నాను.

ఇక్కడైతే సాయంత్రం మెట్లు దిగితే చాలు, పిల్లలుంటారు. అక్కడ తల్లులు ఫోన్ చేసుకుని ఆటకు రోజు ఖాయం చేసుకోవాలి. నా ఇంగ్లీషుకి సిగ్గుపడి జనవరి దాకా ఆగాను. ఆఖరికి చెప్పాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని ఒకావిడకి ఫోన్ చేశాను. శనివారం వాళ్ళమ్మాయి వచ్చింది. బయట మంచు. బీచ్ రోడ్డులో కొన్న గవ్వలు తీసి, అట్ట మీద గళ్ళు గీసి అష్టాచెమ్మా నేర్పాను. చీకటిపడ్డా ఆ పిల్ల వెళ్ళనంది. సోమవారం డబ్బా ఖాళీగా వచ్చింది. అయినవాళ్ళెవరూ లేని ఊళ్ళో అలా ఒక్కొక్కటీ నేర్చుకుని నెగ్గుకొచ్చాం. ఇప్పుడు పాప యూనివర్సిటీలో చదువుతోంది, ప్రొఫెసర్‌నైనా చెయ్యెత్తి అడుగుతుంది.

టీకాల రికార్డు, చిరునామా రుజువులు, ఏ తరగతిలో వేస్తారు, ఇంగ్లీషు పరీక్ష ఉందా లేదా, ఇవన్నీ మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ప్రాంతంలో బళ్ళు నడిపే సంస్థ) వెబ్‌సైటులో ఉంటాయి, చూసుకోండి. అక్కడ బళ్ళు సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. ఆలోపు రోజూ సాయంత్రం బాబుని దగ్గర్లోని పార్కుకి తీసుకెళ్ళండి. అక్కడికొచ్చే తల్లుల్ని ముందు మీరే పలకరించండి. బడి మొదలయ్యాక, ఇంటికి రాగానే ‘ఎన్ని మార్కులు?’ అనకండి. ఎవరి పక్కన కూర్చుని తిన్నాడో అడగండి. ‘ఎవరూ లేరు’ అని వారం రోజులంటే టీచర్‌కి మెయిల్ పెట్టండి, నాలా నవంబరు దాకా ఆగకండి.

నేను జులై ఆఖరు దాకా లాసన్స్ బే కాలనీలో అమ్మ దగ్గరే ఉంటాను. బాబుని తీసుకుని ఓ సాయంత్రం రండి, అష్టాచెమ్మా నేర్పిస్తాను.