వెండి ద్రావణం తాగితే సైనస్ తగ్గుతుందా?

ప్రశ్న: మా అత్తగారికి 61 ఏళ్లు. థైరాయిడ్‌కు రోజూ మాత్ర వేసుకుంటారు. సైనస్ బాధ ఎన్నో ఏళ్లుగా ఉంది. అమెరికాలో ఉంటున్న మా మరిది తెచ్చి ఇచ్చిన ‘కొల్లాయిడల్ సిల్వర్’ అనే ద్రావణాన్ని ఆరు నెలలుగా ఉదయం రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు తాగుతున్నారు. సీసా మీద 30 పీపీఎం అని ఉంది. వద్దంటే, “పిల్లలందరికీ వెండి ఉగ్గుగిన్నెతోనే కదా పాలు పట్టాం, వెండి ఎవరికి చెడు చేసింది?” అని అడుగుతున్నారు. ఆమెకు ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందుగా ఆ ద్రావణాన్ని ఈ రోజు నుంచే మాన్పించండి. కింద చెప్పిన థైరాయిడ్ మాత్ర సంగతి ఒక్కటి చూసుకుంటే, మానేసినందువల్ల ఏ ఇబ్బందీ రాదు. ఇక మీ అత్తగారు అడిగినది న్యాయమైన ప్రశ్నే కాబట్టి దానికి సరైన సమాధానం చెప్పాలి. ఉగ్గుగిన్నెలోని వెండి గట్టి లోహం. పాలు అందులో కాసేపు ఉన్నంత మాత్రాన కరిగి బిడ్డ కడుపులోకి చేరే వెండి లెక్కలోకి రానంత తక్కువ. సీసాలో ఉన్నది అలాంటిది కాదు. కంటికి కనిపించని నలుసులుగా, అయాన్లుగా నీటిలో కలిసి, తాగగానే కొంత రక్తంలోకి చేరగలిగే వెండి అది.

సీసా మీది అంకెనే లెక్క వేసి చూడండి. 30 పీపీఎం అంటే లీటరుకు 30 మిల్లీగ్రాములు. అయిదు మిల్లీలీటర్ల చెంచాలో 0.15 మిల్లీగ్రాము, రోజుకు నాలుగు చెంచాలంటే 0.6 మిల్లీగ్రాము. జీవితకాలమంతా రోజూ తీసుకున్నా హాని ఉండదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన పరిమితి కిలో శరీర బరువుకు 0.005 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల మనిషికి 0.3 మిల్లీగ్రాము. మీ అత్తగారు దానికి రెట్టింపు తాగుతున్నారు, అదీ సీసా మీద రాసినది నిజమైతేనే.

శరీరంలో వెండి చేయవలసిన పని ఏదీ లేదు. లోపలికి వెళ్లినదాంట్లో కొంత బయటికి పోగా, మిగిలినది చర్మంలో, చిగుళ్లలో, లోపలి అవయవాల్లో పేరుకుంటుంది. పాత ఫొటో ఫిల్ము మీద వెండి లవణం వెలుతురు తగిలి నల్లబడినట్లే, చర్మంలో చేరిన వెండి కూడా ఎండకు నల్లబడి, ముఖం, చేతులు నీలి బూడిద రంగుకు మారతాయి. దీన్ని ఆర్జీరియా అంటారు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 2002లో సెనేట్‌కు పోటీ చేసిన స్టాన్ జోన్స్, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోయి యాంటీబయాటిక్స్ దొరకవేమోనన్న భయంతో ఈ ద్రావణాన్ని ఇంట్లోనే తయారుచేసుకుని తాగడంతో ఆయన చర్మం ఇలాగే నీలిరంగుకు తిరిగింది. ఒకసారి వచ్చిన ఈ రంగు సాధారణంగా పోదు. ఒంట్లోని లోహాలను బయటికి పంపే కీలేషన్ చికిత్స దీనికి పనిచేయదు. కొందరిలో లేజర్‌తో కొంత తగ్గుతుంది, అంతే. రంగు మాట అలా ఉంచినా, నెలల తరబడి తాగినవారిలో మూర్ఛలు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది థైరాయిడ్ మాత్ర. వెండి ఆ మాత్రను, కొన్ని రకాల యాంటీబయాటిక్స్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు. ఈ ఆరు నెలల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే మరో హార్మోన్) పెరిగిందని డాక్టరు మాత్ర మోతాదు పెంచి ఉంటే, ద్రావణం మానేశాక అదే మోతాదు ఎక్కువై గుండెదడ, నిద్రలేమి రావచ్చు. కాబట్టి ఈ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత మళ్లీ రక్త పరీక్ష చేయించండి.

వెండి సూక్ష్మజీవులను చంపుతుందన్నది అబద్ధం కాదు. కాలిన గాయాలకు వెండి కలిసిన లేపనాన్ని వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. అయితే అది పైపూత. గాజు పాత్రలో సూక్ష్మజీవులను చంపిన వెండి, కడుపులోనూ రక్తంలోనూ ఉండే క్లోరైడ్‌తో, ప్రొటీన్లతో కలిసిపోయి ఆ శక్తిని చాలావరకు కోల్పోతుంది. తాగితే సైనస్‌గానీ మరే జబ్బుగానీ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా 1999లోనే, కొల్లాయిడల్ సిల్వర్ ఉన్న మందులను సురక్షితమైనవిగా, పనిచేసేవిగా పరిగణించలేమని నిర్ణయించింది. అయినా అక్కడ అంగళ్లలో దొరుకుతుందంటే, మందుగా కాక ఆహార అనుబంధంగా అమ్మడమే కారణం. అలా అమ్మేవాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. అమెరికాలో దొరికింది కదా, అక్కడి ప్రభుత్వం పరీక్షించే ఉంటుందని మీ మరిది నమ్మి ఉంటారు. తల్లి మీద ప్రేమతో తెచ్చినదే కాబట్టి ఆయనను తప్పు పట్టకుండా ఈ విషయం వివరించండి.

మీ అత్తగారి చేతి గోళ్ల మొదట్లో ఉండే తెల్లని అర్ధచంద్రాకారపు భాగాన్ని, చిగుళ్లను పగటి వెలుతురులో ఒకసారి చూడండి. ఆర్జీరియా తరచుగా మొదట కనిపించేది అక్కడే. నీలి ఛాయ ఉంటే చర్మ వైద్యుణ్ణి కలవండి, ఎండ తగలకుండా జాగ్రత్త పడమనండి. సైనస్‌కు మరిగించి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. ఏళ్ల తరబడి ఉన్న బాధ కనుక ఎలర్జీ ఉందా, ముక్కులో పాలిప్స్ (మెత్తని కండ పెరుగుదలలు) ఉన్నాయా అన్నది చెవి ముక్కు గొంతు వైద్యుడి చేత పరీక్ష చేయించాలి. వెళ్లేటప్పుడు ఆ సీసాను కూడా వెంట తీసుకువెళ్లండి.