మాటలు లేని మెటల్ సంగీతంలో ఊపిరికి చోటు

ప్రశ్న: బరంపురంలో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడు నాకు 'లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్' అనే బృందం 1998లో విడుదల చేసిన మొదటి ఆల్బమ్ వినిపించాడు. పాట ఉండదు, వాద్యాలే. శైలి ప్రోగ్రెసివ్ మెటల్, అంటే క్లిష్టమైన లయలతో, పొడవైన కూర్పులతో సాగే బరువైన రాక్ సంగీతం. అప్పటి నుంచి దాన్ని వదలలేదు. మృదంగం వాయించే మా నాన్నగారు మాత్రం మొదటి ట్రాక్ విని, "చేతులు బాగా తిరిగాయి గానీ, ఊపిరి తీసుకోవడానికి చోటేదిరా?" అన్నారు. ఈ ఆల్బమ్ బలమేమిటి, లోపమేమిటి? ఆయనకు ఏ ట్రాక్ వినిపించమంటారు?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: ఆయన విన్న మొదటి ట్రాక్ 'పారడైమ్ షిఫ్ట్' విషయంలో మీ నాన్నగారి మాట న్యాయమైనదే. దాదాపు తొమ్మిది నిమిషాల ఆ ట్రాక్‌లో గిటారూ కీబోర్డూ చాలాచోట్ల ఒకే స్వరవరుసను ఒకే వేగంతో జంటగా పరుగెత్తిస్తాయి. ఏళ్ల సాధన లేనిదే అలా కలిసి వాయించడం సాధ్యం కాదు. అయితే రెండు వాద్యాలూ ఒకటే పలుకుతున్నప్పుడు వాటి మధ్య సంభాషణకు తావుండదు, వినేవాడికి ఆశ్చర్యం తప్ప మరో అనుభూతి మిగలదు.

ఈ బలమూ లోపమూ ఆల్బమ్ తయారైన తీరులోనే ఉన్నాయి. డ్రీమ్ థియేటర్ బృందానికి చెందిన గిటారిస్టు జాన్ పెట్రూచి, డ్రమ్స్ వాయించే మైక్ పోర్ట్‌నాయ్, కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందంలో పేరుపొందిన బేస్ (మంద్ర స్వరాల) గిటారు కళాకారుడు టోనీ లెవిన్, కీబోర్డు విద్వాంసుడు జోర్డన్ రూడెస్ 1997లో ఒక స్టూడియోలో కలుసుకుని, వారం తిరగకుండానే డెబ్బై నిమిషాలు దాటిన ఈ సంగీతాన్ని కూర్చి రికార్డు చేశారు. అంత తక్కువ వ్యవధిలో పని సాగాలంటే ఒకరు వాయించేది మరొకరు శ్రద్ధగా వినక తప్పదు, ఈ ఆల్బమ్‌లో నేను అన్నింటికన్నా గొప్పగా భావించేది ఆ వినికిడినే. ముఖ్యంగా లెవిన్‌ను గమనించండి. మిగిలిన ముగ్గురూ ఎంత పైకి ఎగిసినా ఆయన కింది స్వరాలను పట్టుకుని, అవసరమైన చోటే కదులుతారు. సన్నాయి పక్కన శ్రుతి పట్టేవాడి నిబ్బరం ఆయనలో కనిపిస్తుంది. మామూలు బేస్ గిటారుతోపాటు, రెండు చేతుల వేళ్లతోనూ తీగలను తట్టి వాయించే చాప్‌మన్ స్టిక్‌ను కూడా ఆయన వాడతారు. 'క్రిస్ అండ్ కెవిన్స్ ఎక్సలెంట్ అడ్వెంచర్' అనే చిన్న ట్రాక్‌లో ఆయన, పోర్ట్‌నాయ్ ఇద్దరే వాయించారు.

లోపం దగ్గరికి వస్తే, చివర ఉన్న 'త్రీ మినిట్ వార్నింగ్' గురించి చెప్పాలి. అయిదు భాగాలుగా విడగొట్టిన ఈ ఇరవై ఎనిమిది నిమిషాల ట్రాక్‌ను వాళ్లు ముందుగా ఏదీ రాసుకోకుండా అప్పటికప్పుడు వాయించారు. మన కచేరీల్లో మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలోనూ మృదంగ విద్వాంసుడు మనోధర్మంతోనే వాయిస్తాడు, కానీ అతని చేతుల కింద తాళం ఆవర్తం తరువాత ఆవర్తంగా సాగుతూనే ఉంటుంది; మోహరా, కోర్వై అనే ముగింపు లయ కూర్పులను ముగించి కీర్తన ఎడుపు (తాళంలో పాట అందుకునే చోటు) మీదికి వచ్చి వాలినప్పుడు సభ అంతా ఒక్కసారి నిట్టూరుస్తుంది. ఇక్కడ అలా వచ్చి వాలే చోటు ముందుగా నిర్ణయించి లేదు. అందువల్ల అద్భుతమైన రెండు మూడు నిమిషాల వెనుకే, ఎటు వెళ్లాలో తేల్చుకోలేక ఒకే చోట తిరిగే నిమిషాలు కూడా వస్తాయి. సగానికి కుదించి ఉంటే ఎంతో బాగుండేదని నా అభిప్రాయం. కొన్నిచోట్ల కీబోర్డు నాదం పలచగా, ఆ కాలపు సింథసైజరు వాసనతో వినబడుతుంది; అది చిన్న విషయం.

మాట లేకుండా వాద్యం పాడగలదన్న సంగతి మన ప్రాంతానికి కొత్త కాదు. పక్కవాద్యంగా ఉన్న వయోలిన్‌ను సోలో కచేరీ స్థాయికి తెచ్చినవారిలో ముఖ్యులైన ద్వారం వెంకటస్వామినాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలోనే బోధించారు. ఆయన కమానులోని నిడివిని ఎరిగిన చెవికి ఈ ఆల్బమ్‌లో దగ్గరగా వచ్చేది 'స్టేట్ ఆఫ్ గ్రేస్'. అయిదు నిమిషాల ఆ ట్రాక్‌లో పెట్రూచి, రూడెస్ తప్ప మరెవరూ లేరు. డ్రమ్స్ పూర్తిగా మౌనం వహిస్తాయి, గిటారు ఒక్కొక్క స్వరాన్ని నిలిపి, అది సన్నగిల్లేదాకా ఆగి, ఆ తరువాతే రెండో స్వరానికి వెళుతుంది. పోర్ట్‌నాయ్, పెట్రూచి 1999లో రూడెస్‌ను డ్రీమ్ థియేటర్‌లోకి తీసుకున్నారు. ఈ ట్రాక్ వింటే అది సహజమే అనిపిస్తుంది.

కాబట్టి నాన్నగారికి ముందుగా 'స్టేట్ ఆఫ్ గ్రేస్' వినిపించండి, ఆయన అడిగిన ఊపిరి అందులో ఉంది. మరునాడు 'ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్' పెట్టండి. అది నెమ్మదిగా మొదలై క్రమంగా బరువెక్కుతుంది గనుక, వేగం ఎందుకు వచ్చిందో లయ తెలిసిన ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. 'పారడైమ్ షిఫ్ట్'ను ఆ తరువాత మళ్లీ వినమనండి. ఫోను స్పీకరులో మాత్రం వినిపించకండి, లెవిన్ స్వరాలు అందులో దాదాపు మాయమవుతాయి.