శివరాత్రికీ ఉగాదికీ మధ్య పిల్లలతో

అమ్మాయ్,

నీ మెసేజ్ చూశాను. ఆదివారం వస్తే చాలు, ఎక్కడికైనా తీసుకెళ్ళమని పిల్లలిద్దరూ గొడవ చేస్తున్నారనీ, మాల్ తప్ప ఇంకో చోటు తోచట్లేదనీ రాశావు. ఫోన్లో చెబితే మధ్యలో చిన్నది ఏడుస్తుంది, పెద్దాడు ఫోన్ లాక్కుంటాడు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు కాలం సంగతి చెప్పనీ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దాళ్ళు అన్నది నిజమే. అక్కడి నుంచి ఉగాదికి నెల రోజులు. రథసప్తమి నుంచి లెక్కేసుకున్నా రెండు నెలలు లేవు. గుంటూరు జిల్లాలో పిల్లల్ని ఆరుబయట తిప్పడానికి ఏడాది మొత్తం మీద ఇంతకంటే మంచి కాలం దొరకదు. పొద్దున మంచు తగ్గి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. ఉగాది వెళ్ళిందంటే తొమ్మిదింటికే మాడు కాలుతుంది, ఇక పిల్లలు నాలుగ్గోడల మధ్యే. పెద్దాడికి పరీక్షలు అయ్యాక వెళ్దాంలే అనుకుంటే చేతిలో ఏప్రిల్ నెలాఖరు మిగులుతుంది. పరీక్షలుంటే ఉండనీ. మూడో తరగతి పిల్లాడికి ఆదివారం పొద్దున మూడు గంటలు బయట తిరిగితే మార్కులు తగ్గవు.

మూడు గంటలు అన్నాను కదా, అది గట్టిగా పట్టుకో. మీ తరం వాళ్ళు ఒకసారి బయలుదేరితే నాలుగు చోట్లు చుట్టేయాలనుకుంటారు. గుడి, పార్కు, హోటల్, షాపింగ్, అన్నీ ఒకే రోజు. మధ్యాహ్నానికి పిల్లలు అలిసిపోతారు, మీరు విసుక్కుంటారు, సాయంత్రం ఇంటికొచ్చి అందరూ మూతులు ముడుచుకుంటారు. ఒక ఆదివారానికి ఒకే చోటు, ఒకే సంగతి. ఇంకాసేపు ఉందామని పిల్లలు అడుగుతుండగానే లేచి వచ్చేయాలి. అలా వచ్చిన పిల్లలు వారమంతా దాని గురించే మాట్లాడుకుంటారు. పైవారం నువ్వు పిలవకుండానే చెప్పులేసుకుని నిలబడతారు.

నీకు దగ్గరలో ఉన్నవాటితో మొదలుపెట్టు. ఉప్పలపాడు మీ ఇంటికి పది కిలోమీటర్ల లోపే. ఊరి చెరువులో ముళ్ళ చెట్ల మీద పెలికాన్లూ, రెక్కల చివర గులాబీ రంగున్న పెద్ద కొంగలూ గూళ్ళు కట్టుకుని ఉంటాయి. ఈ నెల దాటితే చాలా పక్షులు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి, అందుకే దీన్ని మొదటి ఆదివారానికి పెట్టుకో. సాయంత్రం నాలుగున్నరకు చేరుకుంటే మంచిది. మేతకు వెళ్ళిన పక్షులు చుట్టుపక్కల చెరువుల నుంచీ కాల్వల నుంచీ గుంపులుగా తిరిగొచ్చే వేళ అది. పిల్లలకు అన్నీ చూపించాలని ఆరాటపడకు. ఒక్క గూడు ఎంచుకుని అక్కడే చూపు నిలపమను. తల్లి పెలికాన్ వచ్చి నోరు తెరిస్తే పిల్ల ఆ సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. చిన్నది అది చూసిందంటే నిన్ను కదలనివ్వదు. ఒక్క మాట, అక్కడ రెట్టల వాసన బాగానే వస్తుంది. ముందే చెప్పి తీసుకెళ్ళు, ముక్కు మూసుకోవడం కూడా వాళ్ళకు ఆటే అవుతుంది. తలకి టోపీ తప్పనిసరి. అరుపులు వద్దని గట్టిగా చెప్పు. ఆ ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆ పక్షుల్ని సొంత పిల్లల్లా చూసుకుంటున్నారు, మనం వెళ్ళి వాటిని బెదరగొట్టకూడదు.

ఉండవల్లి గుహలకు మాత్రం పొద్దున్నే వెళ్ళాలి. ఆ రాయి పదింటికే వేడెక్కుతుంది, చెప్పులు విప్పాల్సిన చోట పిల్లలు గెంతుతారు. కొండనే నాలుగంతస్తులుగా తొలిచారని పెద్దాడికి అక్కడే నిలబెట్టి చెప్పు. లోపల పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి విగ్రహం ఎన్ని అడుగులుందో వాడినే అంచనా వేయమను. పై అంతస్తు ముందు కూర్చున్న మునుల బొమ్మల్ని లెక్కపెట్టమను. ఇంతకు మించి చరిత్ర పాఠం వద్దు. మీ అత్తగారిని ఆ మెట్లు ఎక్కించకు, ఆవిడ మోకాళ్ళు అసలే బాగాలేవు. కింద చెట్టు నీడన కుర్చీ వేయించి, చిన్నదాన్ని ఆవిడ దగ్గర కాసేపు కూర్చోబెట్టు. ఆవిడని ఇంట్లో వదిలి మీరు నలుగురే వెళ్ళడం నాకు నచ్చదు. పిల్లలకు చెట్ల పేర్లు, పక్షుల పేర్లు చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లో ఆవిడే.

కొండపల్లి కొంచెం దూరం, విజయవాడ దాటాలి కాబట్టి దానికి ఒక పూట పూర్తిగా కేటాయించు. కోట సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బొమ్మల కాలనీకి తీసుకెళ్ళు. షాపులో బొమ్మ కొని వచ్చేస్తే ప్రయాణం దండగ. ఎవరైనా వరండాలో పని చేసుకుంటుంటే, అయ్యా పిల్లలు కాసేపు చూస్తారు అని మర్యాదగా అడుగు, చాలామంది కాదనరు. తెల్ల పొణికి చెక్క చేతిలో పెడితే ఎంత తేలికగా ఉంటుందో పెద్దాడు ఆశ్చర్యపోతాడు. చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక రంగులు. ఎడ్లబండి బొమ్మ వెనక ఇంత పని ఉందని కళ్ళతో చూసిన పిల్లాడు దాన్ని విసిరికొట్టడు. అక్కడ బేరం మరీ ఎక్కువ ఆడొద్దు. పిల్లల ఎదురుగా అసలే వద్దు.

శివరాత్రికి కోటప్పకొండ వస్తామన్నావు. ఆ రాత్రి తిరనాళ్ళలోకి మూడేళ్ళ పిల్లను తీసుకురావద్దని నా మాట. తిరనాళ్ళకు కట్టే ఆ ఎత్తయిన వెదురు ప్రభలు చూడాలంటే దానికంటే మంచి దారి ఉంది. నాలుగు రోజుల ముందు మా ఊరు రండి. ప్రభ కట్టేటప్పుడు పగలంతా చూడొచ్చు. వెదుళ్ళు ఎలా కడుతున్నారు, గుడ్డలు ఎలా చుడుతున్నారు, అంతెత్తు ప్రభను మోకులతో ఎలా నిలబెడుతున్నారు, ఇవన్నీ పెద్దాడు దగ్గర నుంచి చూస్తాడు. కొండ మీదికి జనం తగ్గాక ఇంకో ఆదివారం వెళ్దాం. కోటప్పకొండ మీద కాకులు వాలవంటారు కదా, నిజమో కాదో పిల్లల్నే చూసి చెప్పమను. కొండ దిగేదాకా తలెత్తి ఆకాశంలోకి చూస్తూనే ఉంటారు. ఎక్కడ జనం ఉన్నా సరే, నీ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టు. గుంపులో చేయి జారితే ఉన్నచోటే నిలబడమని ఇంటి దగ్గరే నేర్పు.

తిండి సంగతి. బయట కొనే చిప్స్ ప్యాకెట్లు మానిపించు, ఆ ఉప్పుకి దాహం పెరిగి ఊరికే నీళ్ళు నీళ్ళు అంటారు. పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పెరుగన్నం పట్టుకెళ్ళేటప్పుడు అచ్చంగా పెరుగుతోనే కలపకు. మెత్తటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక గరిటె పెరుగు వేసి కలుపు. తినే వేళకు సరిగ్గా తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. వేరుశనగ ఉండలు నాలుగు డబ్బాలో వెయ్యి. నీళ్ళు మీ నలుగురికీ నువ్వు అనుకున్నదానికి రెట్టింపు. పొద్దున బయలుదేరేటప్పుడు పల్చటి స్వెటర్ వేసి, ఎండెక్కగానే విప్పెయ్యి. ఈ కాలంలో ఆటలమ్మ ఎక్కువగా పోస్తుంది, చిన్నదానికి ఆ టీకా వేయించారో లేదో కార్డు చూసుకో. లేకపోతే ఈ వారమే డాక్టర్ని అడుగు.

అల్లుడుగారికి ఆదివారం కూడా డ్యూటీ పడే వారాలుంటాయన్నావు. ఆ వారాల గురించి దిగులు పడకు. పిల్లలు పెద్దయ్యాక గుర్తు పెట్టుకునేవాటిలో సగం ఇంటి దగ్గర జరిగినవే ఉంటాయి. నా కూతుళ్ళిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకునేది మా డాబా మీద వడియాలు పెట్టిన రోజుల గురించే. ఈ ఎండ దానికి సరిగ్గా సరిపోతుంది. పొద్దున్నే పిండి ఉడికించి, పాత పంచె తడిపి డాబా మీద పరిచి, ఇద్దరికీ చెరో చెంచా ఇవ్వు. వంకరగా పెడతారు, పెట్టనీ. సరిచేస్తూ కూర్చుంటే వాళ్ళకు ఆసక్తి పోతుంది. కాకుల్ని తోలే పని చిన్నదానికి అప్పజెప్పు. సాయంత్రం సగం ఎండిన వడియాన్ని పంచె మీద నుంచి వలిచి నోట్లో వేసుకుంటారు, ఏమీ అనకు. రెండు రోజులు ఎండాక తడి గుడ్డతో వెనక నుంచి తుడిస్తే అవే ఊడొస్తాయి. అది వాళ్ళకు చూపించి వాళ్ళ చేతే చేయించు.

స్కూలుకి నడిచి వెళ్ళే దారిలో కూడా చూడ్డానికి చాలా ఉంది. మీ వీధి చివర రావిచెట్టు ఇప్పుడు రాగి రంగు చిగురు వేస్తుంది, వారానికొకసారి ఒక ఆకు కోసి పుస్తకంలో పెట్టమను. రంగు మారుతూ ఎలా పచ్చబడుతుందో వాడికే తెలుస్తుంది. కోకిల కూత వినబడితే మీరూ కూయండి, అది ఇంకా గట్టిగా బదులిస్తుంది. కూసే నల్లటిది మగది, చుక్కలున్నది ఆడది, గుడ్లు కాకి గూట్లో పెడుతుంది అని చెబితే పెద్దాడు వంద ప్రశ్నలు అడుగుతాడు. తెలియనివాటికి మీ అత్తగారున్నారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నాలు ఖాళీ కదా అని ఎండలో తిప్పకు. నిద్రపుచ్చి, సాయంత్రం అయిదున్నరకు మొక్కలకు నీళ్ళు పోయించు. ఉగాది ముందు రోజు వేపపువ్వు మార్కెట్లో కొనకు. దగ్గర్లో వేపచెట్టు చూసుకుని, కింద గుడ్డ పట్టుకుని కొమ్మ దులపమను. పువ్వును ఈనెల నుంచి వేరు చేసే పని చిన్న వేళ్ళకు బాగా కుదురుతుంది.

ఫోటోల గురించి ఒక్క మాట. వెళ్ళగానే ఒకటి తీసుకుని ఫోన్ సంచిలో పడెయ్యి. ఇటు చూడు, నవ్వు, అలా నిలబడు అంటూ పిల్లల్ని ఊపిరాడనివ్వకపోతే వాళ్ళు పక్షినీ చూడరు, నిన్నూ చూడరు. అల్లుడుగారికి ఇది నా మాటగా చెప్పు, ఆయన ఏమీ అనుకోరు.

ఇక మా ఇంటికి వచ్చే ఆదివారం. ఇప్పుడు కల్లాలన్నీ మిరపకాయలతో ఎర్రగా నిండి ఉన్నాయి. పిల్లలు గుంటూరులో పుట్టి కూడా మిరపకాయ యార్డు వాసన తప్ప ఇది చూడలేదు. పొద్దున ఏడింటికల్లా వస్తే, రాత్రి మంచుకి కప్పిన పట్టలు తీసేటప్పుడు ఉంటారు. కాయను తిరగెయ్యడం, ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తాలుకాయ, అంటే రంగు పోయిన కాయ ఏరడం, టిక్కీల్లో, అంటే గోనె సంచుల్లో తొక్కి కుట్టడం అన్నీ చూపిస్తాను. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి, అది వినిపించు. పెద్దాడు కాసేపు తాలుకాయ ఏరుతానంటే ఏరనిద్దాం. ఆ కూర్చున్నవాళ్ళు రోజంతా ఆ ఘాటులో పని చేస్తే గానీ మన కూరలో కారం పడదని వాడు తెలుసుకోవాలి.

కానీ జాగ్రత్తలు గట్టిగా పాటించాలి. ఇద్దరికీ నిండు చేతుల చొక్కాలు వెయ్యి. చిన్నదాన్ని కల్లం లోపలికి దించొద్దు, గట్టు మీద నీ చంకలోనే ఉండాలి, గాలికి ఎదురుగా నిలబడకు. పెద్దాడి చేతులకు ముందే కొబ్బరినూనె రాయి. పని అయ్యాక మళ్ళీ నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడుగు. మిరపకాయ మంట ఉత్త నీళ్ళకు పోదు, నూనెకే వదులుతుంది. కడిగేదాకా కళ్ళూ మొహం ముట్టుకోవద్దని వాడికి ముందే చెప్పి ఒప్పించు. పెదవులు మండితే పెరుగు పూద్దాం, ఇంట్లో ఉంది. తొమ్మిదిన్నరకల్లా ఇంటికి వచ్చేద్దాం. దొడ్లో మామిడిచెట్టు కింద గాలికి రాలిన పిందెలుంటాయి, ఉప్పూ కారం పెట్టి ఇస్తాను, చిన్నదానికి ఉప్పు మాత్రమే.

మీ అత్తగారిని తప్పకుండా తీసుకురా. ఆవిడకి కింద పడుకోవడం కష్టం కాబట్టి ముందు గదిలో మంచం వేయిస్తాను. శనివారం రాత్రికే వస్తారో, ఆదివారం తెల్లారి బయలుదేరతారో శుక్రవారం లోపల ఫోన్ చేసి చెప్పు. పాలు ఎక్కువ పోయమని ముందు రోజే చెప్పాలి, కల్లంలో వాళ్ళకు కూడా ఆ రోజు టిఫిన్ మన ఇంటి నుంచే పంపాలనుకుంటున్నాను. వచ్చేటప్పుడు నీ దగ్గర ఉండిపోయిన నా పెద్ద స్టీలు క్యారియర్ తీసుకురా.

ఉంటాను,
మీ పెద్దమ్మ